ఇంజన్ దించిన నెల

నా కారు గుట్టను వెనక్కి ఎక్కేది. నవ్వులాటకు చెప్పడం లేదు. వికారాబాద్ స్టేషన్‌లో రైలు దిగిన జబ్బు మనుషులను గుట్ట మీది క్షయ దవాఖానకు చేర్చడం నా పని. జాగీర్లు పోయాక ఒక దేవిడీ దొరలు అమ్ముకుంటే కొన్న పాత కారు అది. మొదట్లో బాగానే ఎక్కింది. ఐదారేళ్ళకు ఇంజన్ అరిగిపోయి, ఫస్టు గేరులో సగం దూరం వచ్చి ఆగిపోయేది. రివర్సు గేరుకు బలం ఎక్కువ. అందుకని కింది మలుపు దగ్గర కారు తిప్పి, మెడ పట్టేసేలా వెనక్కి చూసుకుంటూ, అట్లాగే పైదాకా తీసుకుపోయేవాణ్ణి. లోపల కూర్చున్న రోగికి దవాఖాన కనబడదు. వదిలి వచ్చిన ఊరే ఎదురుగా కనబడుతూ చిన్నదైపోతుంది.

స్టేషన్ ముందు టీ కొట్టువాడు దీని మీద ఒక మాట పుట్టించాడు. "గట్ల ఎనకకు ఎక్కినోళ్ళు మళ్ల దిగరు" అని. వాడి నోరు పడిపోను. మనుషులు చావడానికి నా గేరు కారణమా? పోట్లాడి వాడి దగ్గర టీ తాగడం మానేశాను. కానీ ఆ మాట చెవిలో పడ్డాక, పైకి తీసుకుపోయిన ఒక్కొక్కరి ముఖం గుర్తుపెట్టుకోవడం మొదలైంది. నయమై దిగినవాళ్ళు చాలామందే. మనసు మాత్రం దిగని వాళ్ళనే పట్టుకుని కూర్చునేది.

మా అక్క తాండూరులో ఉండేది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. బావ చనిపోయాడు. ఒక్కతే బిడ్డ, పరిగిలో ఇచ్చాం. అక్క ఇంటి ఎదురుగానే మిస్త్రీ షెడ్డు. కారుకు ఏ చిన్న జబ్బు చేసినా అక్కడికే పట్టుకుపోయేవాణ్ణి. ఎండలు ముదురుతున్న రోజుల్లో, నీలంగా పొగ కక్కుతున్న కారును తీసుకుని వెళ్ళాను.

మిస్త్రీ ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాడు. మంచి ఇంజనైతే చేతిని వెనక్కి తోస్తుంది. నాది బొంగరంలా గిర్రున తిరిగింది. నూనె పోసే మూత తీస్తే అక్కడినుంచి కూడా పొగ.

"ఏం లేదు భాయ్, రింగులు పోయినయి, పిస్టన్ ఆడే బోరు అరిగింది" అన్నాడు. "ఉత్త రింగులు మారిస్తె ఎనిమిది దినాలు. నడుస్తది, గని గుట్ట ముంగట్నుంచి ఎక్కుతదని చెప్పలేను. మొత్తం ఇప్పి, బోరు చేపిచ్చి, కొత్త పిస్టన్లు ఏస్తె నెల పడ్తది. అప్పుడు చూడు దాని దౌడు."

ఆలోచించి చెబుతానని అక్క ఇంట్లోకి వెళ్ళాను. అక్కడ గోడకు ఆనించి ఒక చిన్న ట్రంకు పెట్టె ఉంది. రెండు నెలలుగా తగ్గని దగ్గుకు తాండూరు డాక్టరు గుట్ట దవాఖానకు చిట్టీ రాసిచ్చాడట. కొత్త ఇంజక్షన్లు వచ్చాయి, తొందరగా పోతే నయమవుతుందన్నాడట. అక్క నాకోసమే చూస్తోంది.

"సోమారం పోదాం తమ్మీ. బట్టలు సర్దిన" అంది.

వెంటనే కళ్ళకు కట్టింది, కింది మలుపు దగ్గర కారు తిప్పడం, వెనక సీట్లో అక్క, టీ కొట్టువాడి మాట. ఊళ్ళోవాళ్ళందరినీ ఎక్కించాను, నా అక్కను మాత్రం అట్లా ఎక్కించలేననిపించింది. చదువుకున్నవాడినే, అట్లాంటివి నమ్మనని నలుగురిలో వాదించేవాడినే. నా ఇంటిదాకా వచ్చేసరికి నమ్మాను.

"ఒక్క నెల ఆగక్కా. ఇంజన్ మొత్తం కొత్తది చేపిస్త. నిన్ను ముంగట్నుంచి దర్జాగ ఎక్కిస్త."

"ఎట్ల ఎక్కితె ఏందిరా, ఎక్కుడు గద కావాలె" అంది. నేను ఒప్పుకోలేదు. వాదించడానికి ఆమెకు ఊపిరి చాలలేదు.

అట్లా నిర్ణయమైపోయింది. మర్నాడు మూడు దూలాలు కట్టి, గొలుసు వేసి ఇంజన్ దించాం. మిస్త్రీ షెడ్డులో జాగా లేక విప్పిన సామానంతా అక్క వాకిట్లోకే వచ్చింది. వాకిలంతా నాపరాళ్ళు పరిచి ఉండేవి. వాల్వులు కలిసిపోతే పని పాడవుతుందని మిస్త్రీ అంటుంటే విని, అక్క గిన్నెలో సున్నం కలుపుకొచ్చి బండల మీద వరసగా బొట్లు పెట్టింది. మొదటిదానికి ఒక బొట్టు, రెండోదానికి రెండు. ఏ బొట్టు దగ్గర ఆ వాల్వు. నట్లన్నీ ఊరగాయ జాడీల్లో వేరువేరుగా వేసి మూతలు కట్టింది. తుడవడానికి తన పాత చీరలు చింపి గుడ్డలు చేసింది.

"అక్కా, నువ్వు నా తాన పనికి రారాదా?" అని మిస్త్రీ నవ్వాడు. అక్క కూడా నవ్వి, నవ్వు దగ్గులోకి దిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. నేను కిరసనాయిలు పళ్ళెంలో పిస్టన్లు కడుగుతూ ఉండిపోయాను. ఆ వాసన ఆమెకు పడదని నాకు తట్టనేలేదు. తట్టలేదనడం కూడా అబద్ధమే. తట్టింది, నాలుగు రోజుల పనే కదా అనుకున్నాను.

సిలిండర్ బ్లాకు బోరు చేయించడానికి హైదరాబాదు వెళ్ళింది. పిస్టన్లు బొంబాయి నుంచి రావాలి. నెల దాటింది, రాలేదు. దూలాల కింద ఖాళీ డొక్కలా కారు. నేను రోజూ పోస్టాఫీసుకు పోయి, రాలేదని తెలుసుకుని, వచ్చి మిస్త్రీ మీద విరుచుకుపడేవాణ్ణి.

ఒకరోజు మిస్త్రీ తుడుపుగుడ్డ ఒకటి తీసి నా ముందు పట్టాడు. నూనె మరక కాదు. ఎర్రగా ఉంది. అక్క చింపి పెట్టిన గుడ్డల్లో తను వాడుకున్నది కలిసిపోయినట్టుంది.

"గాడీ యాడికి పోతది భాయ్? నేను చూసుకుంట. నువ్వు అక్కను తీస్కపో. ఇయ్యాల్నే."

"బేస్తారం పిస్టన్లు వస్తయట" అన్నాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గురువారం పిస్టన్లు రాలేదు. శుక్రవారం పొద్దున అక్క నీళ్ళ కుండ దగ్గర పడిపోయింది. అప్పుడు కళ్ళు తెరిచాను. రైలులో పడుకోబెట్టి వికారాబాద్ తెచ్చి, టాంగా కట్టించుకుని గుట్ట ఎక్కాం. స్టేషన్ నుంచి గంటలో పైకి చేరాం. నెల రోజులుగా కాని పని, ఒక ముసలి గుర్రం చేసింది.

డాక్టరు ఎక్స్‌రే చూసి, చిట్టీ మీది తారీకు చూసి, నా వైపు తిరిగాడు. "నెల దాటింది రాసిచ్చి. ఎందుకు తేలేదు?" అని గట్టిగా అడిగాడు.

మంచం మీద నుంచి అక్క చెయ్యి ఎత్తింది.

"ఆన్ని ఏమనకుండ్రి డాక్టర్‌సాబ్. ఆడు దినాం రమ్మన్నడు. నేనే రానన్న. భయమైంది."

డాక్టరు ఆమెనే కోప్పడ్డాడు. మొండితనానికి మందు లేదన్నాడు. అక్క తల వంచుకుని ఆ తిట్లన్నీ పడింది. నేను అవుననలేదు, కాదనలేదు.

పన్నెండో రోజున పోయింది. పరిగి నుంచి బిడ్డ వచ్చి తల బాదుకుని ఏడ్చింది. "మామా, ఎందుకు ఎంబడే తేలేదు?" అని అడిగింది. నేను అక్క చెప్పిన మాటే చెప్పాను. రానన్నది, భయపడ్డది అన్నాను. ఏడుస్తూనే ఆ పిల్ల, "అవ్వ ఎప్పుడు గింతే. ఎవ్వరి మాట ఇనదు. నన్ను ఆగం చేసిపోయింది" అని తల్లిని తిట్టింది.

ఇప్పుడు ఆ పిల్లకు మనవలు పుట్టారు. ఈమధ్య కూడా ఏదో మాటల్లో, మా అవ్వ మొండిది, దాంతోనే ప్రాణం తీసుకుంది అని వాళ్ళకు చెబుతుంటే నేను పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. మీ అవ్వ పెట్టె సర్దుకుని కూర్చుంది, ఆపింది నేను అని అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. పెరుగు వెయ్యమని అడిగాను.