కాటా అబ్బాస్ విజిల్

బోధన్ చెరకు కాటా దగ్గర తూకం వేసే అబ్బాస్ సాబ్‌కు కబడ్డీ అంటే పిచ్చి. సీజన్‌లో రోజంతా కాటా, ఆదివారం వస్తే మెడలో విజిల్‌తో మైదానంలో రిఫరీ. రెండు చోట్లా ఆయన వినేది ఒకటే మాట: "సాబ్, గిది అన్యాయం!"

ఆయనకు కోపం రాదా అంటే, ముక్కు మీదే ఉంటుంది! కానీ రైతు తూకం తప్పంటే మాత్రం గొడవ పడడు. పక్కకు జరిగి, "రా, ముల్లు నువ్వే సూడు" అంటాడు. ఒకటి రెండుసార్లు చూశాక అందరూ నమ్మేశారు, రుద్రూర్ ఆశన్న తప్ప. ఏళ్ల తరబడి వస్తున్నా, బండి దిగి ముల్లు దగ్గరికి వంగి చూస్తేగాని అతనికి నిద్ర పట్టదు. ఆ అనుమానం అబ్బాస్‌కు లోలోపల మంట. ఒక్కసారి ఇతను నన్ను నమ్మితే చాలు అనుకునేవాడు.

ఖర్మ చూడండి, రుద్రూర్ కబడ్డీ జట్టు కోచ్ ఆ ఆశన్నే!

అది 1968 ఫైనల్. బోధన్, రుద్రూర్ పాయింట్లు సమం. చివరి కూత. బోధన్ ఆటగాడు పోశన్న పక్క గీత వెంబడి రివ్వున దూసుకెళ్లి, ఒకణ్ని తాకి వచ్చేశాడు. అబ్బాస్ పాయింటిచ్చాడు. మైదానం దద్దరిల్లింది! జనం రుమాళ్లు ఎగరేశారు.

ఆశన్న కోర్టులోకి ఉరికొచ్చాడు. "గీత దాటిండు! మీ బోధనోడని కండ్లు మూసుకున్నవా?"

అంతమందిలో ఎంత మాట! అబ్బాస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటికి పొమ్మనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, కాటా దగ్గర అనేదే అన్నాడు. "రా, సూపియ్యి. ఏడ దాటిండు?"

ఆశన్న వేలు పెట్టి చూపాడు. అబ్బాస్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. నీళ్లు చల్లిన మెత్తటి నేల. సున్నం గీత అవతల, ఐదు వేళ్లూ దిగిన అడుగు! కూతకు ముందే అక్కడ నేల చదును చేయించి, గీతను తనే సరిచేయించాడు. తర్వాత ఆ మూలకు పోయింది పోశన్న ఒక్కడే.

ఆయన తల తిప్పి చూశాడు. వెనక తన ఊరంతా నిలబడి ఉంది.

లేచి, గొంతెత్తి అరిచాడు. "తప్పు నాది! నేను సూడలే. పోశన్న అవుట్!"

రుద్రూర్ ఒక్క పాయింటుతో గెలిచింది. బోధన్ జనం ఎన్ని తిట్లు తిట్టారో! ఇంట్లో భార్య బిల్కిస్ బేగం కూడా అన్నం గిన్నె ఠపీమని ముందు పడేసింది.

మర్నాడు ఆశన్న బండి కాటా ఎక్కింది. ముల్లు ఊగి ఆగింది. అబ్బాస్ అలవాటుగా పక్కకు జరిగాడు. ఆశన్న మాత్రం బండి దిగలేదు.

"ఏంది ఆశన్నా, ముల్లు సూడవా?"

ఆశన్న ఎద్దులను అదిలించాడు.

"నిన్న సూసిన గద, సాబ్."