వేడి అనుకున్నాం

తొలి కాన్పుకు విజయనగరంలోని అత్తవారింటి నుంచి బొబ్బిలి దగ్గర మా కన్నవారింటికి వచ్చేసరికి నాకు ఏడో నెల నిండింది. అప్పటికే తెల్లబట్ట అవుతోంది, వాసనతో. నేను చాటుగా చదివిన నవలల్లో గర్భిణులు సిగ్గుతో తల వంచుకునేవారే గాని, వాళ్ల చీరలకు మరకలుండేవి కావు. కొన్నాళ్లు దాచుకుని చివరకు అమ్మతో చెప్పాను.

"వేడే. కడుపుతో ఉన్నోళ్లకి అవుతాది. దీనికింత మొకం ముడుసుకోడం దేనికే?" అంది.

నాన్నతో వేడి అని మాత్రమే చెప్పింది. అప్పటి నుంచి ఆయన పొద్దున్నే తాటిముంజెలు కొట్టించి తెచ్చేవాడు. నా ఎదురుగా కూర్చుని, పొట్టు తీసి అరిటాకులో పెట్టేవాడు. "తిను తల్లీ. నా మనవడు కుండలో నీళ్లలాగ సల్లగుండాల."

"మనవరాలైతేనో?" అని అమ్మ దెప్పేది.

"అదీ సల్లగానే ఉంటాది. నీలాగ నిప్పులు కక్కదు."

నవ్వుతూ తినేదాన్ని. చిన్నప్పుడైనా నాకు అంత ముద్దు జరగలేదు.

నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయింది. మంత్రసాని ఆ రోజూ మర్నాడూ నొప్పుల కోసం కాచుకుంది. ఆడపిల్ల పుట్టింది. పుట్టిన నాడే ఒళ్లు కాలిపోయింది, పాలు తాగలేదు. రైల్లో విజయనగరం ఆసుపత్రికి చేర్చేసరికి ఎగఊపిరి పెడుతోంది. సాయంత్రానికి పోయింది.

లేడీ డాక్టరు నన్ను పరీక్ష చేసింది. "ఇది వేడి కాదమ్మా. బిడ్డ వచ్చే దారిలో క్రిములు చేరాయి. నీళ్లు పోయాక అవి లోపలికి పాకి బిడ్డకు అంటుకుంటాయి. వాసన వేసినప్పుడే వచ్చి ఉంటే మందు వేసి చూసేదాన్ని" అంది.

వరండాలో నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏటన్నాది తల్లీ డాక్టరమ్మ?"

ఆయన ముఖం చూశాక మందు సంగతి నోట రాలేదు. "జ్వరం అన్నాది" అన్నాను.

మరుసటేడు మళ్లీ నెల తప్పాను. ఆ డాక్టరు చేతిలోనే పురుడు పోసుకోవాలని అత్తవారింటనే ఉండిపోయాను. నాన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. ఎందుకు రానో చెప్పాలంటే పోయినసారి దాచిందంతా చెప్పాలి. "ఇక్కడే ఉంటాను" అని నేల చూశాను.

"మన ఇల్లు అచ్చిరాలేదనుకుంటన్నావేటమ్మా?" అన్నాడు.

కాదని తల ఊపాను. నమ్మలేదు.

నా కొడుక్కి ఇప్పుడు రెండో ఏడు. వాణ్ణి తీసుకువెళితే నాన్న వీధి అరుగు మీదే ఆడిస్తాడు. గడప దాటి లోపలికి రానివ్వడు. పొద్దు వాలకముందే బండి కట్టించి మమ్మల్ని పంపేస్తాడు.