అమ్మకు పెట్టాల్సిన కొత్త మామిడికాయ

ఆమెను మా ఊరికి తీసుకుపోయింది నేనే. ఎవరినని ఏం లాభం? ఖమ్మంలో ఒకే దవాఖానాలో ఇద్దరం నర్సులం, ఒకే గదిలో కిరాయికి ఉంటాం. ఆమెది మధిర వైపు. భద్రాచలం, పర్ణశాల చూసి, అటునుంచి అటే చర్ల దాటి మా గూడెం వచ్చి పండుగ కూడా చూస్తానని నా ప్రాణం తోడేసింది. సరే రమ్మన్నాను. మనిషి మంచిదేననుకునేదాన్ని, నోరు ఆగదు కానీ.

మాది కోయ గూడెం. కొత్త మామిడికాయను దేవతకూ, చనిపోయిన మా పెద్దలకూ పెట్టిన తరువాతే మేం తింటాం. పండుగ అయ్యేదాకా చెట్టు కింద ఎన్ని రాలినా ముట్టం. అమ్మ కిందటి వానాకాలంలో చనిపోయింది. మనిషి పోయాక వచ్చే మొదటి పండుగకు తల్లి వాటా కాయలు కూతురే మోసుకెళ్లి పెట్టడం మా ఊరి పద్ధతి. పెట్టే మనిషి ఆ ఏడు కాయ రుచి చూసి ఉండకూడదు. అమ్మకు కూతురిని నేనొక్కదాన్నే. అందుకే ఆ వేసవిలో క్యాంటీన్ పప్పు కూడా మామిడికాయ వేశారా అని అడిగి అడిగి తిన్నాను. వడ్డించే ఆమెకు నేనంటే విసుగొచ్చింది పాపం.

ఇదంతా నాతో వచ్చిన ఈ మేడమ్‌గారికి భద్రాచలంలోనే చెప్పాను. దర్శనం చేసుకుని మెట్లు దిగగానే ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు కొని నా మూతి దగ్గర పెట్టింది. తల తిప్పుకున్నాను.

"ఏంటే, రోజూ ఇంజెక్షన్లు చేసేదానివి, ఇంకా ఇవన్నీ నమ్ముతావా?"

"నమ్ముడు గిమ్ముడు కాదు. అమ్మకు పెట్టాలె. పండుగ అయినంక ఎన్నైనా తింట."

"అబ్బో, మహా భక్తురాలివి!" అని ముక్కలన్నీ తనే నమిలింది.

పర్ణశాలలో సీతమ్మ చీరలు ఆరేసిందని చెప్పే రాళ్ల దగ్గర మాత్రం చెప్పులు విప్పింది. రాతి మీది చారలను తడిమి ఆ చేతులు కళ్లకద్దుకుంది. పక్కనే నిలబడి నేనూ దండం పెట్టాను. నవ్వానా? ఇంకొకరు మొక్కుతుంటే నవ్వడం మా ఇంట్లో నేర్పలేదు మరి.

అక్కడే నీడ చూసుకుని డబ్బా విప్పింది. పొద్దున నేను నైట్ డ్యూటీ దిగి గదికి వచ్చేసరికే అన్నం, కొబ్బరి పచ్చడి కట్టి పెట్టింది. మొదటి ముద్దకే పుల్లగా తగిలి ఆగాను.

"ఇందుల మామిడికాయ ఏసినవా ఏంది?"

"చింతపండేనే తల్లీ! తిను."

తిన్నాను. రాత్రంతా మేలుకున్న ఆకలి. బాగుందని మళ్లీ వేయించుకున్నాను కూడా.

తెల్లారి గూడెంలో డోలు మొదలైంది. అన్న చెట్టెక్కి కాయలు దించాడు. వదిన వాటిని బుట్టలో సర్ది నా చేతికిస్తూ, "అత్తకు ఈ చెట్టు కాయలంటే పాణం" అని కళ్లు తుడుచుకుంది. అందరం దేవత చోటుకు బయలుదేరాం. మా మేడమ్ మాత్రం ముందుకూ వెనక్కూ ఉరుకుతూ ఫోన్‌లో రీల్ తీస్తోంది. దారిలో ఉన్నట్టుండి నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఒకటి చెప్పనా? నిన్నటి పచ్చడిలో మామిడికాయే వేశా. చేసినప్పుడు నాకీ సంగతి తెలీదు. నువ్వడిగాక, చూద్దాం ఏమవుతుందోనని చెప్పలేదు. ఏమైంది? ఏమీ కాలేదుగా!" అని కిసుక్కున నవ్వింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఆ బుట్ట లేకపోతే అక్కడే చెంప పగలగొట్టేదాన్ని. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, అదీ నా పరిస్థితి. చచ్చిపోయిన తల్లికి పెట్టుకునే కాయ దగ్గరా పరాచికాలు?

నా ముఖం చూసి నవ్వు ఆపింది. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెల్సింది గదా! అమ్మకు అబద్ధం పెట్టమంటవా?"

బుట్ట వదిన చేతికిచ్చాను. పూజారి మా అమ్మకు తమ్ముడి వరుస, నాకు మామ. దగ్గరికి పోయి జరిగింది చెప్పాను.

"అవ్, నీ తప్పేం లేదు బిడ్డా. గని నువ్వు పెట్టద్దు" అన్నాడు.

వాదించలేదు. ఆయన చోటులో ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఆయన మీద నాకు రవ్వంత కోపం లేదు. ఉన్న కోపమంతా ఈ మనిషి మీదే, ఇప్పటికీ.

వదిన కాయలు పెట్టింది. నేను దూరంగా నిలబడి చూశాను. మామ వంగి, కోయ మాటలో అమ్మను పిలిచి ఏదో చెప్పాడు. మా ఊరి ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈమె ఫోన్ దించకుండానే నా పక్కకు వచ్చింది.

"ఏమన్నాడే? చెప్పవా, రీల్ కింద రాస్తా."

"'అక్కా, నీ కోడలు తెచ్చింది, తిను' అన్నడు" అన్నాను. "'నీ బిడ్డ తెచ్చింది' అనాల్సి ఉండె. రాసుకో."