సాయంత్రం వస్తారు

ఆ విశ్వవిద్యాలయంలో ఎవరైనా పోతే పోయారు అనరు, "కుడిపక్కకు వెళ్లారు" అంటారు. కొత్తగా చేరినవాళ్లు అర్థంకాక, ఏ కుడిపక్క, లైబ్రరీ వైపా అని అడిగి నవ్వులపాలవుతుంటారు. సంగతేమిటంటే, మూడు నెలలకొకసారి వచ్చే విశ్వవిద్యాలయ పత్రికలో ఆఖరి రెండు పేజీలూ పూర్వవిద్యార్థులవీ, సిబ్బందివీ. ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరు ఏ పదవికెక్కారు, ఎవరు పుస్తకం వేశారు అన్నవి ఎడమ పేజీలో ఉంటాయి. ఆ మూడు నెలల్లో కన్నుమూసినవాళ్లు కుడి పేజీలో ఉంటారు. మొదటి పేజీలో ఉపకులపతిగారి సందేశం ఎవరూ చదవరు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పత్రిక చేతికి రాగానే అందరూ వెనకనుంచే తెరుస్తారు.

ఆ పేజీలు రాసేది ప్రచురణల విభాగంలో ఒకావిడ. రెండుపేజీల మేడం అంటే చాలు, ఎవరైనా గది చూపిస్తారు. ఆవిడ చేరింది ప్రూఫులు దిద్దే పనికి. అంతకుముందు చివరి పేజీలు చూసే పెద్దాయన రిటైరవుతూ, ఎవరికీ అక్కర్లేని పిల్లిపిల్లను అంటగట్టినట్టు వాటిని ఆవిడకు అంటగట్టి చల్లగా జారుకున్నాడు. ఆయన పదవీ విరమణ ఎడమ పేజీలో రాసిందీ, కొన్నేళ్లకు ఆయన్ని కుడి పేజీలో రాసిందీ ఆవిడే.

ఆవిడ వచ్చేనాటికి ఆ పేజీలో చావుకు కూడా హోదాలుండేవి. ప్రొఫెసరైతే పరమపదించేవాడు. లెక్చరరు స్వర్గస్థుడయ్యేవాడు. గుమాస్తా మరణించేవాడు. తోటమాలి చనిపోయేవాడు, అదీ పేజీలో చోటు మిగిలితే. ఇది చూసి ఆవిడకు ఒళ్లు మండింది. అందరికీ కలిపి ఒకే మాట పెట్టింది, కన్నుమూశారు అని. మా నాన్నగారినీ తోటమాలినీ ఒకటే చేస్తారా అంటూ ఒక ప్రొఫెసరుగారి కొడుకు గొడవకొచ్చాడు. "మీ నాన్నగారు ఎంత గొప్పవారో నాలుగు లైన్లు రాశాను కదండీ. కళ్లు మాత్రం అందరూ ఒకలాగే మూస్తారు" అని చెప్పి పంపేసింది. ఆ తర్వాత ఆ మాట జోలికి ఎవరూ రాలేదు.

వార్త నిజమో కాదో ఫోన్ చేసి కనుక్కోవడం కూడా ఆవిడ పనే. చేరిన కొత్తలో ఒకరింటికి ఫోన్ చేసింది. ఆయనకేదో పురస్కారం వచ్చిందని విని, ఎడమ పేజీలో వేద్దామని. "సార్ ఉన్నారా అండీ?" అంది. "లేరమ్మా" అంది అవతల పెద్దావిడ. "ఎప్పుడొస్తారండీ?" అని అడిగేసింది ఈవిడ. అవతల ఏడుపు వినిపించింది. మన భాషలో ఉన్న చిక్కే అది. బజారుకెళ్లినవాడూ లేడే, లోకంలోంచి వెళ్లిపోయినవాడూ లేడే. ఆ దెబ్బతో ఆవిడ "ఉన్నారా" అని అడగడం మానేసింది. "సార్‌తో ఒకసారి మాట్లాడొచ్చా అండీ" అంటుంది. దానికి ఎవరేం చెప్పినా అర్థమైపోతుంది.

ఆవిడ భర్త అక్కడే భూగర్భశాస్త్రం చెప్పేవారు. కాలికి బలపం కట్టుకున్న మనిషి. సెలవొస్తే చాలు, క్లాసు పిల్లల్ని వెంటేసుకుని కొండలు పట్టుకు తిరిగేవారు. వచ్చేటప్పుడు సంచీ నిండా రాళ్లు. కిటికీ గట్ల మీదా, మంచం కిందా, ఆఖరికి వంటింట్లో ఉప్పు డబ్బా పక్కనా రాళ్లే. "దొంగలు పడితే మోయలేక వాళ్లే పోలీసుల్ని పిలుస్తారు" అని ఆవిడ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. శిష్యులకు కూడా రాళ్ల పేర్లే పెట్టేవారు. ఎవరి మాటా చెవికెక్కనివాడు నల్లరాయి, ఊరికే కంటతడి పెట్టేవాడు సున్నపురాయి. వాళ్లకెవరికైనా ఉద్యోగం వచ్చిందంటే ఆ కబురు మోసుకుని భార్య ఆఫీసుకు పరిగెత్తుకొచ్చేవారు. "ఏమోయ్, ఎడమ పేజీలో కాస్త జాగా ఉంచు" అనేవారు గుమ్మంలోంచే.

ఆయన పోయింది నాలుగు నెలల కిందట. ఆరోజు ఊరి చివర ఒక కాలేజీకి ప్రాక్టికల్ పరీక్షలు చేయించడానికి వెళ్లారు. మెట్లెక్కుతూ, దాహంగా ఉందని కూర్చున్నారు. ఎవరో మంచినీళ్లు తెచ్చేసరికే అయిపోయింది. కబురు ముందు ఆయన డిపార్టుమెంటుకు వచ్చింది, అక్కణ్ణుంచి క్యాంపస్ అంతా పాకింది. చివరికి తెలిసింది ఆవిడకే. ప్రచురణల విభాగాధిపతి వచ్చి బల్ల దగ్గర నిలబడితే, ప్రూఫులు అడగడానికి వచ్చాడనుకుని, "ఇంకో అరగంటండీ" అంది ఆవిడ.

అందువల్ల ఆవిడ ఆ మాట ఎవరికీ చెప్పాల్సిన అవసరమే రాలేదు. అందరికీ ముందే తెలుసు. వేరే ఊళ్లో ఉన్న కూతురికి మేనత్తే ఫోన్ చేసి చెప్పింది. పదిమందీ వచ్చారు, ఓదార్చారు, వెళ్లారు. నెల్లాళ్లు తోడున్న ఆడపడుచు వెళ్తూ వెళ్తూ, "వదినా, నువ్విలా బిగబట్టుకుని ఉంటే ఎలా? ఒక్కసారి గట్టిగా ఏడిచెయ్" అంది. ఆవిడ తలూపింది, రైలుకు టైమవుతోందని సంచి అందించింది.

అప్పుడొచ్చిన సంచికలో కుడి పేజీలో ఆయన లేరు. డిపార్టుమెంటువాళ్లు రాసిస్తామంటే, నేనే రాస్తానని చెప్పి, రాయలేదు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు మళ్లీ సంచిక ముంచుకొచ్చింది. ఈసారి విభాగాధిపతి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడకంటే చిన్నవాడు, మెత్తని మనిషి.

"మేడం, ఆ పేజీ ఒక్కటే మిగిలింది. రేపు ప్రెస్సుకెళ్లాలి. పోనీ నేను రాయనా?"

"వద్దండీ. ఆయన సంగతి ఇంకొకరు రాస్తే నాకు మనసొప్పదు. రేపు పొద్దున ఇస్తాను."

ఇస్తానని అంది కానీ, ఆవిడకు నమ్మకం లేదు. పేరు రాయగలదు, చదువు రాయగలదు, ఏ ఏడు చేరారో రాయగలదు. ఎంతోమంది విషయంలో చెయ్యి తిరిగిన మాటే, ఆ ఒక్క మాట దగ్గరకొచ్చేసరికి కలం కదలదు. అది రాస్తే, ఇన్నాళ్లూ ఊరంతా చెబుతున్నదానికి తనూ ఒప్పుకున్నట్టే. ఆవిడ దుఃఖమంతా అక్కడే ఇరుక్కుపోయింది.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికొచ్చింది. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఆయన ఫోన్ మోగింది. ఆ ఫోన్‌కి ఛార్జింగు పెట్టడం ఆవిడ మానలేదు.

"నమస్తే మేడం. నేను గులకరాయిని. సార్ ఉన్నారా మేడం?"

ఆవిడకు గొంతు గుర్తే. క్లాసులో అందరికంటే పొట్టివాడు. ఎంత గట్టిగా విసిరినా పగలడని ఆయనే పెట్టిన పేరు. ఆఖరి పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి ఈ ఇంట్లోనే, ఈ బల్ల దగ్గరే కూర్చుని చదివాడు. ఏడాదిగా ఎక్కడో కొండల్లో సర్వే క్యాంపులో ఉన్నాడు. అక్కడికి క్యాంపస్ కబుర్లేవీ చేరవు.

"లేరు బాబూ" అంది ఆవిడ.

"అయ్యో. ఎప్పుడొస్తారు మేడం?"

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, ఎలా తిరిగిందో తిరిగింది.

"సాయంత్రం వస్తారు."

"అయితే నేను సాయంత్రం వచ్చేస్తాను మేడం. ఇప్పుడే బస్సెక్కుతున్నా" అని పెట్టేశాడు.

ఆవిడ తిరిగి చేస్తే ఫోన్ కలవలేదు. అబద్ధాలాడే మనిషి కాదావిడ. తన పేజీలో ఒక అక్షరం తప్పు పడితే అన్నం సహించదు. అలాంటిది ఇంత మాట ఎలా అనేసిందో ఆవిడకే తెలియలేదు. వచ్చాక ఏమని చెప్పాలి? తన దగ్గరున్న మాటలన్నీ వరసబెట్టి చూసుకుంది. అచ్చులో బాగానే ఉండేవి, నట్టింట్లో నిలబడి ఒక పిల్లాడితో అనబోతే ఒక్కటీ నోటికి పట్టలేదు. పైపెచ్చు వాడికి టీ పెట్టాలి కదా అని పాలు కాచింది.

పొద్దు వాలేసరికి గులకరాయి దిగాడు. ఎండకు మాడి, మునుపటికంటే నల్లబడ్డాడు. చొక్కా మాత్రం కొత్తది, మడతలు కూడా విడలేదు.

"సార్ ఇంకా రాలేదా మేడం?"

"కూర్చో బాబూ. ముందు టీ తాగు."

తాగాడు. కిటికీ గట్టు మీద రాళ్లు ఒక్కొక్కటీ తీసి చూసి, ఎక్కడివక్కడే పెట్టాడు. ఏదో సంతోషం వాణ్ణి కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

"ఏదైనా కబురా?" అంది ఆవిడ.

"కబురే మేడం. మీకు చెప్పాలనే ఉంది. కానీ మీకు చెబితే మీరు సార్‌కి చెప్పేస్తారు. ఆయన వినేటప్పుడు ఆ మొహం నేను చూడాలి. మా అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. సార్ తర్వాతే ఎవరికైనా."

ఆవిడ లేచి కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఊరికే కుళాయి తిప్పి, ఆపి, మళ్లీ వచ్చింది. ఇప్పుడు చెప్పెయ్యాలనుకుంది, మంచినీళ్లు కావాలా అని అడిగింది. వద్దన్నాడు.

అంతలో బయట స్కూటర్ చప్పుడు వచ్చి గేటు దగ్గర ఆగింది. పక్కింటాయనది. గులకరాయి చటుక్కున లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని, గుమ్మంవైపు తిరిగాడు. వాడి మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసేసరికి ఆవిడకు ఇంకొక్క క్షణం కూడా వాణ్ణి అలా నిలబెట్టి ఉంచడం పాపమనిపించింది.

"కూర్చో నాన్నా. ఆయన రారు."

"ఆలస్యమవుతుందా మేడం? పర్లేదు, ఉంటాను."

"ఇంక రారు నాన్నా."

వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"సాయంత్రం వస్తారన్నారు కదా మేడం" అన్నాడు చివరికి. నిష్ఠూరంగా కాదు, దారి తప్పిన పిల్లాడు అడిగినట్టు.

ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అన్నీ తెలిసినవాళ్ల మధ్య నాలుగు నెలలు గడిపిన మనిషి, ఏమీ తెలియనివాడికి మొదటినుంచీ చెప్పింది. ఆ పొద్దున ఆయన తొందరలో కళ్లజోడు మరిచిపోయి, వీధి చివరినుంచి వెనక్కొచ్చారు. చొక్కాకి పైబొత్తాం ఊడి ఉంటే, విప్పించే టైము లేక ఒంటి మీదే కుట్టింది. తర్వాత ఆ మెట్లు, ఆ దాహం, చేతికి అందని ఆ నీళ్లు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయింది.

"నీకు అబద్ధం చెప్పలేదు నాన్నా. బొత్తాం కుడుతూ, ఎప్పుడొస్తారని అడిగాను. సాయంత్రం వస్తాను అన్నారు. నాతో అన్న ఆఖరి మాట అదే. నువ్వు అడిగేసరికి ఆయన చెప్పిందే చెప్పేశాను."

గులకరాయి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆవిడ వాడి వీపు నిమురుతూ కూర్చుంది. వాడు తేరుకున్నాక, ఇప్పుడు చెప్పు నీ కబురు అంది. వేరే ఊరి విశ్వవిద్యాలయంలో లెక్చరరుగా తీసుకున్నారట. సార్ చెప్పిన పాఠమే చెప్పాలట. ఆ మాట నేలకేసి చూస్తూ చెప్పాడు.

"రాస్తాను. ఎడమ పేజీలో మొదటిదే నీది" అంది ఆవిడ.

"సార్‌ది రాశారా మేడం?"

"రాయలేకపోయాను."

"నేను ఇక్కడే ఉంటాను మేడం. రాయండి."

ఆవిడ బల్ల ముందు కూర్చుంది. వాడు గోడవారగా కూర్చున్నాడు, పలకరించలేదు. కాసేపటికి ఆవిడ కాగితం వాడి చేతికిచ్చింది. రాసినవాళ్ల కంటికి సొంత తప్పు కనబడదని, ఆవిడ విభాగంలో ఏది రాసినా ఇంకొకరు పైకి చదవాలి, రాసినవాళ్లు వినాలి.

వాడు చదివాడు. పేరు చదివాడు, చదువు చదివాడు, చేరిన ఏడు చదివాడు. రాళ్ల సంగతి చదివి కొంచెం నవ్వాడు. ఆఖరి లైనుకొచ్చి ఆగాడు.

"తప్పు పడిందా?" అంది ఆవిడ.

"లేదు మేడం."

"అయితే చదువు."

"కన్నుమూశారు" అని చదివాడు గులకరాయి.

ఆవిడ అప్పుడు ఏడ్చింది. కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా, పక్కింటివాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చేదాకా ఏడ్చింది.