ఆరు పెట్టెలు, రెండు పాళ్లు

మా చిన్నప్పుడు... నాయుడుపేటలో ఓ అంగడి మధ్య మా నాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చుట్టూ నల్లటి స్పీకర్లు. అంగడాయన ఒకదాని తర్వాత ఒకటి దిమ్మతిరిగే పాటలు పెడుతున్నాడు... గాజు తలుపులు అదురుతున్నాయి. మా పెదనాయన మొహం వెలిగిపోతోంది. నేను చెవులు మూసుకున్నాను.

"పాటలు చాలన్నా. మనుషులు మాట్లాడేది పెట్టు" అన్నాడు నాయన అంగడాయనతో.

ఆ మాట మా అవ్వ కోసం. ఒకప్పుడు డేరా సినిమా వచ్చిందంటే చేపల గంప దించీ దించగానే పరిగెత్తిన మనిషి అవ్వ. అప్పటికి రెండేళ్ల కిందటే చూపు పూర్తిగా పోయింది. టీవీ ముందు కూర్చుని "ఇప్పుడు మాట్లాడింది ఎవురు?" అని అడిగేది. ఆ బుల్లి టీవీలో మాటా పాటా కలిసిపోయి మాకే సరిగ్గా తెలిసేది కాదు. "ఉండవ్వా!" అని విసుక్కునేవాళ్లం... తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మెల్లగా అవ్వ లోపలికి రావడం మానేసింది. సినిమా వచ్చే పూట అరుగు మీద కూర్చుని, తడుముకుంటూ వలలు బాగుచేసేది. అది చూడలేకే నాయన ఈ సౌండు సెట్టు కొందామన్నాడు.

నాయన చెవి అంటే మా ఊళ్లో అందరికీ నమ్మకం. సముద్రంలో తెడ్డు ముంచి, దాని పిడికి చెవి ఆనించి, గొరక చేపల గుంపు ఎటు ఉందో చెప్పేవాడు. నీళ్ల కింద అవి గొరగొరమంటాయట. చాలాసార్లు వల అక్కడే నిండేది.

అంగట్లోనూ అదే పని. అంగడాయన ఓ సినిమా ముక్క పెడితే, నాయన దాన్నే నాలుగు సెట్లలోనూ విన్నాడు. చివరికి అన్నిటికన్నా తక్కువ ఖరీదుది, చూడటానికి సాదాసీదాగా ఉన్నది చూపించాడు.

"దీంట్లో దమ్ము లేదురా!" అన్నాడు పెదనాయన.

"ఆయమ్మ ఏడ్చేముందు గుటక మింగింది చూడు... అది దీంట్లోనే ఇనబడింది. ఇది చాలు."

బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. డీవీడీ ప్లేయరు కాకుండా స్పీకరు పెట్టెలు ఆరు. పెద్దది ఒకటి, పొడుగ్గా అడ్డంగా ఉన్నది ఒకటి, చిన్నవి నాలుగు.

ఇక్కడే మావాళ్లు ఒక ఘనకార్యం చేశారు...

నాయనకీ పెదనాయనకీ పడవ ఒకటే, వల ఒకటే. పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒక గోడ. ఇద్దరూ కలిసి ఏం తెచ్చినా గుమ్మం ముందు రెండు పాళ్లు వేయాల్సిందే. ఒకరు వెనక్కి తిరిగి నిలబడితే, ఇంకొకరు ఒక పాలు చూపించి "ఇది ఎవరికి?" అంటారు. వెనక్కి తిరిగినవాళ్లు చెప్పిన పేరే ఖాయం. తర్వాత మార్చమని నోరెత్తి అడగకూడదు.

ఆరు పెట్టెలనూ మూడేసి చొప్పున పెట్టారు. ఆ రోజు వెనక్కి తిరిగి నిలబడింది నేనే. పొడుగు పెట్టె ఉన్న పాలు చూపించారు కాబోలు... "పెదనాయనకి!" అని అరిచాను.

పెదనాయన ఇంట్లో అసలు టీవీయే లేదు! అయినా గోడకి చిల్లు పెట్టి, తీగలు లాగి, వాళ్ల మూడు పెట్టెలు వాళ్ల గదిలో పెట్టుకున్నారు.

అవ్వను చెయ్యి పట్టుకుని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. సినిమా మొదలైంది. వాన కురుస్తోంది, తలుపులు కొట్టుకుంటున్నాయి, అడుగుల చప్పుడు... అవ్వ చాలాసేపు ఓపిగ్గా వింది.

"గాలీ వానే గానీ, ఈ సినిమాలో మనుషులు లేరేందిరా?" అంది. తడుముకుంటూ లేచి మళ్లీ అరుగు మీదికి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. నాయన మొహం చూడలేకపోయాను.

నాయన గుమ్మంలో కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. గోడ అవతలికి వెళ్లి విన్నాడు. మాటలన్నీ అక్కడున్నాయి... ఆ పొడుగు పెట్టెలో. అయినా ఇమ్మని అడగలేదు. "అన్నా, ఒక్క మాటు మా ఇంట్లోకొచ్చి, కళ్లు మూసుకుని కూర్చో" అన్నాడు, అంతే.

పెదనాయన వచ్చి అవ్వ లేచిపోయిన చోట కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, లేచి విసవిసా వెళ్లిపోయాడు. కోపమొచ్చిందేమో అని భయపడ్డాం. తిరిగొచ్చేసరికి చంకలో పొడుగు పెట్టె, చేతుల్లో మిగతా రెండూ, వెనక ఈడ్చుకొస్తున్న తీగలు.

"పాలు చెప్పినాక మార్చకూడదు గదన్నా..." అన్నాడు నాయన.

"అది చేపలకిరా. ఇది అమ్మకి."

మా పెదనాయన అంతకంటే గొప్ప మాట మాట్లాడగా నేను మళ్లీ వినలేదు.

అవ్వను తెచ్చి మధ్యలో కూర్చోబెట్టి, పెట్టెలన్నీ ఆమె చుట్టూ సర్దారు. కాసేపటికి అవ్వ ఠక్కున తల వెనక్కి తిప్పింది. "ఎవుడో వస్తా ఉండాడు... చెప్పులు ఇప్పేసి నడస్తా ఉండాడు. ఈడు మంచోడు కాదు!" అంది. తెర మీద ఇంకా ఎవరూ లేరు. మరుక్షణం కత్తితో విలన్ వచ్చాడు. ఇల్లంతా కేక పెట్టింది.

ఆ రోజు నుంచి సినిమా పెడితే "అవ్వా, ఇప్పుడేం జరగబోతుంది?" అని మేమే ఆమెను అడిగేవాళ్లం. పెదనాయన వాళ్లింటిల్లిపాదీ మా గదిలోనే. కాళ్లు చాపుకోవడానికి చోటుండేది కాదు...

మొన్న మా హాల్లోకి కొత్త సెట్టు కొన్నాం. గదిని అదే కొలుచుకుని, మధ్యలో కూర్చున్న మనిషికి సరిపడేలా శబ్దాన్ని సర్దుకుంటుందట. సర్దుకుంది కూడా. అందరం సోఫా ఆ చివరా ఈ చివరా, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ కూర్చున్నాం... మధ్యలో ఎవరూ లేరు.

మీ ఇంట్లో సినిమా పెడితే మధ్యలో ఎవరిని కూర్చోబెట్టేవారు? చెప్పండి... వినాలనుంది.