రెండు తాళాల కంప్యూటర్

హనుమకొండ చౌరస్తా దగ్గరి మా హోమియో డాక్టరు ఎనభైల చివర్లో కంప్యూటర్ కొన్నాడు. కాగితాల మీద రాస్తే రోగుల సంగతులు ఎవరైనా చదువుతారని ఆయన భయం. యంత్రానికొక తాళం, గదికొక తాళం. రెండు తాళంచెవులూ ఆయన మొలతాడుకే ఉండేవి.

అంత జాగ్రత్త మనిషి, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో ఒంటి వేలితో కొడుతూ ప్రతి మాటా పైకి చదివేవాడు. బయట బెంచీ మీద కూర్చున్న మాకందరికీ వినబడేది. ఏ మిర్చి వ్యాపారికి మొలలున్నాయో నాకిప్పటికీ గుర్తే.

"డాక్టర్ సాబ్, జర మనసుల చదువుకోండ్రి" అని ఎన్నిసార్లు చెప్పానో.

"పైకి చదవకుంటె తప్పులు పడతయయ్యా" అనేవాడు.

ఒకరోజు ధర్మసాగర్ నుంచి ఒకామె, హాస్టల్లో చేరబోయే పన్నెండేళ్ల బిడ్డను తీసుకొచ్చింది. లోపల ఏదో గుసగుసగా చెప్పింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, ఇందుల పెడితె నరమానవునికి తెల్వది" అని డాక్టరు పిల్లకు ధైర్యం చెప్పాడు. ఆ వెంటనే మొదలుపెట్టాడు. "రాత్రి... పక్క... తడుపుతది..."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల తలొంచుకుని బయటికొచ్చి, తల్లి పిలుస్తున్నా ఆగకుండా రోడ్డెక్కింది. తల్లి మందు తీసుకోకుండానే పిల్ల వెంట పరుగెత్తింది.

డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. "గట్లెందుకు పోయిన్రయ్యా?" అని నన్నడుగుతూనే గదికి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు.