ఆసు తాత ఆరు గజాల ఫోటో

అప్పుడు రాష్ట్రం కొత్తది, నా ఉద్యోగం కొత్తది, పొగరు అంతకన్నా కొత్తది. నాకు తెలియనిది లేదనుకునేవాణ్ని. తెలిసింది మాత్రం ఒకటే, ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం. నల్గొండలో నేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న కంపెనీకి సర్వర్ చూసేది నేనే. (సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోకండి, బీరువా పక్కన, ఫ్యాన్ కింద బతికే పాత డబ్బా.) అది రోజూ పొద్దున పదకొండుకి "మెమరీ చాలదు" అని ఒక్క ముక్క రాసి చచ్చిపోయేది. నేను లేపేవాణ్ని, అది మళ్లీ చచ్చేది. కొత్త మెమరీ కొనిపించాను. దాన్నీ మింగి త్రేన్చింది. కంపెనీ ఓనరు సేట్‌కు ఓపిక పోయింది. "రేపటికల్ల బాగైతే సరే, లేకుంటే మోత్కూర్ బస్సెక్కు," అన్నాడు. మోత్కూర్‌లో మా బాపు, కొడుకు పెద్ద ఇంజనీరని ఊరంతా చాటింపు వేసి ఉన్నాడు. ఏ ముఖం పెట్టుకుని బస్సు దిగను?

ఆ భయంతో, మొదటి రోజు చేయాల్సిన పని చివరి రోజు చేశాను: లాగ్, అంటే సర్వర్ తన పనులన్నీ రాసుకునే చిట్టా, చదివాను. సర్వర్ ప్రతిసారీ పడేది, మాకు చీరలు నేసే ఆసు తాత ఫోటో దగ్గరే. (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడమే ఆసు పోయడం; అది పోసి పోసి ఆయనకు అసలు పేరు పోయింది.) కొంగు ఒకటి, అంచు ఒకటి పంపమంటే, ఆయన కోడలితో చీరనంతా ఫోటోలు తీయించి, అతికించి, ఒకటే చేసి పంపుతున్నాడు. ఆమెకు వంట అయి ఫోన్ పట్టేది పదకొండుకి. పోకపోతే మర్నాడు మళ్లీ పంపేది. మా ప్రోగ్రాం ఆ ఆరు గజాలనూ ఒక్కసారే మెమరీలో పరిచి ప్రాణం వదిలేది.

ఆయన ఇంటికి పరుగెత్తాను. "ముక్కలు ముక్కలుగ పంపు తాతా, నీ కాల్మొక్త!"

"చీరను తునకలు చేసి సూపిస్తరానోయ్? పెండ్లిపిల్లకు ముక్కు ఒకనాడు, చెవి ఒకనాడు సూపిస్తరా?"

"గంత పెద్దది ఒక్కసారి పరిస్తే నా డబ్బా సస్తాంది తాతా!"

మగ్గం గుంటలోంచి ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఎవడు పర్వమన్నడు? నేను ఒళ్ల చీరంతా పర్సుకొని నేస్తున్ననా? జానెడు నేస్త, కర్రకు సుట్టేస్త. మల్ల జానెడు. గిది గూడ తెల్వదా?"

తెలియదు. (కాలేజీలో చెప్పే ఉంటారు, నేను వెనక బెంచీ.) ఎగురుకుంటూ వచ్చి, ఫోటోను జానెడు చదివి, వదిలేసి, మళ్లీ జానెడు చదివేలా ప్రోగ్రాం మార్చాను. మర్నాడు పదకొండు దాటింది. పదకొండున్నర దాటింది. డబ్బా హాయిగా గురక పెడుతోంది! కుర్చీ చుట్టూ గెంతాను. కింద దుకాణం వాళ్లు పైకప్పు చూసి తిట్టారు. సేట్ "ఎట్ల పట్టినవ్ ర?" అంటే "చదువు సార్" అన్నాను, సిగ్గులేకుండా.

ఆసు తాత అయితే వాడంతా తిరిగి "మా పిలగాని తెలివి!" అని చెప్పుకున్నాడట. నిజం చెబుదామని వెళ్లాను. ఆ పొగడ్త ఇంకోసారి విని, చాయ్ తాగి వచ్చేశాను. ఇప్పుడు నా కింద పిల్లలు "ఇదెక్కడ నేర్చుకున్నారు సార్?" అంటే నవ్వి, తాత పేరే చెబుతాను. వినాల్సిన తాతకే చెప్పలేదు.